మిత్సుబిషి 4జీ63 టర్బో కార్ల ఇంధన వ్యవస్థ: ఇంటి వద్ద లోప నిర్ధారణ, మార్పులు

మిత్సుబిషి ఎక్లిప్స్, ఈగిల్ టాలన్, ప్లిమత్ లేజర్ అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రం, నార్మల్ పట్టణంలో తయారైన కార్లు. వీటిని తయారుచేసిన డైమండ్-స్టార్ మోటార్స్‌ను క్రైస్లర్, మిత్సుబిషి సంస్థలు 1985లో ఉమ్మడిగా నెలకొల్పాయి. టర్బో రకాల్లో 1,997 సీసీ 4జీ63 ఇంజను ఉండేది. మాన్యువల్ గేరు కార్లలో దాని శక్తి మొదటి తరంలో (1990-94) 190-195 హార్స్‌పవర్, రెండో తరంలో 210. తక్కువ ఖర్చుతో శక్తి పెంచుకునే వీలుండటంతో ఇంటి షెడ్లలో పనిచేసుకునే అమెరికన్ ఔత్సాహికులకు ఇవి ఇష్టమైన కార్లయ్యాయి. ఆ పనిలో అన్నిటికంటే జాగ్రత్త అవసరమైన భాగం ఇంధన వ్యవస్థ.

పనిచేసే తీరు

ట్యాంకులోని విద్యుత్ పంపు పెట్రోలును ఫిల్టరు మీదుగా, ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే ఫ్యూయల్ రైలుకు పంపుతుంది. రైలు చివరనున్న రెగ్యులేటరు పీడనాన్ని అదుపు చేసి, మిగులు పెట్రోలును ట్యాంకుకు తిప్పి పంపుతుంది. మొదటి తరం మాన్యువల్ కార్లలో, రెగ్యులేటరు వాక్యూమ్ గొట్టం తీసి చూస్తే, పీడనం సుమారు 37 పీఎస్‌ఐ. రెండో తరంలో సుమారు 43. టర్బో ఎంత బూస్ట్ (ఇంజనులోకి నెట్టే గాలి అదనపు పీడనం) ఇస్తే రైలు పీడనం అంత పెరుగుతుంది. 20 పీఎస్‌ఐ బూస్ట్ వద్ద పంపు 57 పీఎస్‌ఐకి ఎదురు నెట్టాలి. పీడనం పెరిగేకొద్దీ పంపు ఇచ్చే పరిమాణం తగ్గుతుంది. ఇంజనుకు పెట్రోలు ఎక్కువ కావలసిన క్షణంలోనే పంపు బలహీనపడటానికి కారణమిదే.

మాన్యువల్ కార్ల ఇంజెక్టర్లు ఒక్కొక్కటి నిమిషానికి సుమారు 450 మి.లీ. పెట్రోలు చిమ్ముతాయి. అవి ఎంతసేపు తెరుచుకోవాలో ఇంజనును నియంత్రించే కంప్యూటరు, అంటే ఈసీయూ నిర్ణయిస్తుంది. నిమిషానికి 7,000 చుట్ల వేగంలో ఒక పూర్తి చక్రానికి 17.1 మిల్లీసెకన్లే ఉంటాయి. అందులో 85 శాతం, అంటే 14.5 మిల్లీసెకన్లు దాటితే ఇంజెక్టరు సామర్థ్యం అంచుకు చేరినట్టే.

పెట్రోలు పూర్తిగా మండటానికి ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. బూస్ట్‌లో మాత్రం సిలిండరు వేడిని అదుపులో ఉంచేందుకు గాలిని 11-12 పాళ్లకు తగ్గిస్తారు. పెట్రోలు చాలక మిశ్రమం పలచబడితే నాకింగ్ (సిలిండరులో మిశ్రమం అదుపుతప్పి మండడం) మొదలవుతుంది. అది కొనసాగితే పిస్టన్లు పగలవచ్చు, హెడ్ గ్యాస్కెట్ పోవచ్చు.

లోప నిర్ధారణ

ఏ భాగాన్నైనా మార్చేముందు కొలవాలి. మొదటి కొలత పీడనం. రైలుకు గేజి బిగించి, వాక్యూమ్ గొట్టం తీసి చదవాలి. ఇంజను ఆపిన వెంటనే పీడనం పడిపోతే పంపులోని చెక్ వాల్వు, రెగ్యులేటరు, కారే ఇంజెక్టరు మూడింటినీ అనుమానించాలి. బూస్ట్ పెరుగుతున్నా పీడనం దానితోపాటు పెరగకపోతే పంపు, ఫిల్టరు, వైరింగు చూడాలి.

రెండోది వోల్టేజి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వద్ద 14 వోల్టులు ఉండి, పంపు కనెక్టరు వద్ద 12 కూడా లేకపోతే తప్పు పంపుది కాదు. పాత సన్నని వైరుదో, తుప్పు పట్టిన ఎర్తుదో అయి ఉంటుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలేలతో మందపాటి వైరు లాగితే పాత పంపే మెరుగ్గా పనిచేయవచ్చు.

మూడోది గాలి లీకు. ఈ కార్లలో గాలిని ఎయిర్ ఫిల్టరు దగ్గరి కార్మన్ సుడి రకం సెన్సరు కొలుస్తుంది. దాని తర్వాత గొట్టాల్లో చిల్లుంటే, బూస్ట్‌లో కొలిచిన గాలి బయటికి పోయి మిశ్రమం చిక్కబడుతుంది. ఐడిల్‌లో కొలవని గాలి లోపలికి వచ్చి పలచబడుతుంది. ఇంజను ఆపి, టర్బో ప్రవేశద్వారం మూసి, కంప్రెసరుతో కొద్దిపాటి పీడనం ఎక్కించి, అతుకుల మీద సబ్బునీళ్లు చల్లితే చిల్లు బయటపడుతుంది. ఇంధన లోపంగా కనిపించేవాటిలో చాలా భాగం ఇక్కడే తేలిపోతాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఇబ్బంది తీరకపోతే ఈసీయూ తెరిచి చూడాలి. మొదటి తరం ఈసీయూల్లో కెపాసిటర్లు వయసుతో ద్రవం కార్చి బోర్డును తినేయడం బాగా తెలిసిన లోపం.

మార్పులు

సాధారణంగా మొదట మార్చేది పంపు. గంటకు 255 లీటర్ల వాల్‌బ్రో పంపు ఎక్కువమంది ఎంపిక. అయితే ఆ అదనపు ప్రవాహాన్ని పాత రెగ్యులేటరు తిప్పి పంపలేక, తక్కువ వేగాల్లో రైలు పీడనం పెరిగిపోతుంది. అందుకే సర్దుబాటు చేయగల రెగ్యులేటరునూ వేస్తారు.

పీడనం పెంచి ఇంజెక్టర్ల లోటు పూడ్చడానికి హద్దుంది. ప్రవాహం పీడనపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 37 నుంచి 43 పీఎస్‌ఐకి పెంచినా అదనంగా దక్కేది దాదాపు 8 శాతమే. అంతకుమించి కావాలంటే పెద్ద ఇంజెక్టర్లే దారి.

ఇంజెక్టర్లు పెద్దవైతే ఈసీయూకి చెప్పాలి. 450 మి.లీ. ఇంజెక్టర్ల స్థానంలో 550 మి.లీ.వి వేస్తే తెరుచుకునే సమయాన్ని సుమారు 18 శాతం తగ్గించాలి. గాలి సెన్సరు సంకేతాన్ని తగ్గించి చూపే చౌక పరికరాలతోనూ ఇది సాధ్యమే. కానీ గాలి తక్కువుందని నమ్మిన ఈసీయూ ఇగ్నిషన్‌ను ముందుకు జరుపుతుంది. నాకింగ్ ముప్పు పెరుగుతుంది. ఈసీయూ ప్రోగ్రామ్‌నే నేరుగా మార్చడం మేలు. ఫలితాన్ని వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సరుతోనే చూడాలి. కారుతో వచ్చే మామూలు సెన్సరు 14.7 పరిసరాల్లో తప్ప నమ్మదగినది కాదు.

భద్రత, చట్టం

పని మొదలుపెట్టేముందు పంపు కనెక్టరు తీసి, ఇంజను దానంతటదే ఆగేవరకు నడిపి, పీడనం దించాలి. తర్వాత బ్యాటరీ నెగటివ్ విప్పాలి. గాలి ఆడే చోట, మంటకు, నిప్పురవ్వకు దూరంగా పనిచేయాలి. పెట్రోలు మంటలార్పే పరికరం చేతికందేలా ఉండాలి. గొట్టాలు ఇంజెక్షన్ పీడనానికి తగిన ఎస్‌ఏఈ 30ఆర్9 రకానివై ఉండాలి. ట్యాంకు లోపల పెట్రోలులో మునిగి ఉండే గొట్టానికి 30ఆర్10 రకం వాడాలి.

అమెరికాలో రోడ్డు మీద తిరిగే కార్ల ఉద్గార నియంత్రణ పరికరాలను తొలగించడాన్ని క్లీన్ ఎయిర్ యాక్ట్ నిషేధిస్తుంది. భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనాన్ని తయారీదారు నిర్దేశించిన రూపం నుంచి మార్చడాన్ని కట్టడి చేస్తుంది. ఇంట్లో చేసుకునే లోప నిర్ధారణకు, మరమ్మతుకు మాత్రం ఆ అడ్డంకి లేదు.