చెప్పవలెనా, దాచవలెనా?
బరువు తగ్గించు శస్త్రచికిత్స చరిత్ర

పుచ్చిన పన్ను తీయించుకొన్నవాడు ఆ సంగతిని దాచడు. కంటిలో శుక్లము తీయించుకొన్న పెద్దలు నల్లకళ్ళజోడు పెట్టుకొని వీధి అరుగుమీద కూర్చుండి, ఆపరేషను ఎట్లు జరిగినదో వచ్చినవారికెల్ల వివరించి చెప్పుదురు. కాని అధికమైన బరువును తగ్గించుకొనుటకై జఠరమునకు శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో పలువురు ఆ మాటను బంధువులకు, తోడి ఉద్యోగులకు చెప్పవలెనా వద్దా అని ఎంతో ఆలోచింతురు. కొందరు పూర్తిగా దాచుదురు. అడిగినవారికి "అన్నము తగ్గించితిని, నడక మొదలుపెట్టితిని" అని మాత్రము చెప్పుదురు. అన్నియు శస్త్రచికిత్సలే కదా! ఒకదానిని చెప్పుకొనుటకు లేని సంకోచము మరియొకదానికి ఎందుకు కలుగుచున్నది? దీనికి సమాధానము కొంత చరిత్రలోను, కొంత శరీరశాస్త్రములోను కలదు.

నింద, గోప్యత: రెండును ప్రాచీనములే

మన ఆయుర్వేద గ్రంథమగు చరక సంహితలో సూత్రస్థానము 21వ అధ్యాయమునకు అష్టౌనిందితీయమని పేరు. లోకము నిందించు ఎనిమిది విధముల శరీరములను అందు పేర్కొనిరి. మిక్కిలి పొడవు, మిక్కిలి పొట్టి, మిక్కిలి రోమములు గలవాడు, రోమములు లేనివాడు, మిక్కిలి నల్లనివాడు, మిక్కిలి తెల్లనివాడు, మిక్కిలి లావు, మిక్కిలి సన్నము అనునవి ఆ ఎనిమిది. ఇందు చివరి రెండింటిని గురించియే గ్రంథకర్త విపులముగా చర్చించెను. స్థూలకాయమునకు కారణములు చెప్పుచు అతిభోజనము, వ్యాయామము లేకుండుట, పగటినిద్ర మొదలగువానితోపాటు బీజస్వభావమును గూడ చేర్చెను. అనగా తల్లిదండ్రులనుండి వచ్చు లక్షణమని అర్థము. లోకము మొదటి కారణములను మాత్రము జ్ఞాపకముంచుకొని, ఈ చివరిదానిని మరచిపోయినది.

అదే గ్రంథములో విమానస్థానమున, వైద్యవిద్య నేర్వబోవు శిష్యునికి గురువు చెప్పు నియమములు కలవు. రోగి యింటిలో చూచిన సంగతులను బయట చెప్పరాదనునది వానిలో నొకటి. గ్రీకు వైద్యుడగు హిపోక్రటీస్ పేర వెలసిన ప్రతిజ్ఞలో గూడ, చికిత్సా సమయమున తెలిసిన రహస్యములను వెల్లడింపరాదను నియమము కలదు. ఈ రెండు నియమములును కట్టడిచేయునది వైద్యునే గాని రోగిని గాదు. చెప్పుకొనుటయు మానుటయు రోగి యిష్టమే. లావుగా నుండుటను నిందించుట ఎంత ప్రాచీనమో, రోగి సంగతిని గోప్యముగా నుంచుటయు అంత ప్రాచీనము.

దాచుటకు వీలులేని రాజు

గోప్యత అందరికిని దొరకునది కాదు. స్పెయిన్ దేశపు ఉత్తరభాగమున లియోన్ రాజ్యమును పాలించిన మొదటి సాంచోకు చరిత్రలో "లావు సాంచో" అనియే పేరు నిలిచినది. అతడు క్రీ. శ. 956లో రాజయ్యెను. స్థూలకాయముచే గుఱ్ఱమెక్కి యుద్ధమునకు పోలేని రాజు తమకు తగడని ప్రభువులు ఆక్షేపించిరి. 958లో అతనిని సింహాసనమునుండి తొలగించిరి. అతని అవ్వ, నవార్ రాజ్యపు రాణి టోడా, మనుమనికి చికిత్స చేయింపదలచి, మతవైరమును గూడ పాటింపక కార్డోవా ఖలీఫా మూడవ అబ్దుర్ రహమాన్ సహాయము కోరెను. ఆ ఆస్థానమునందలి యూదు వైద్యుడు హస్దాయ్ ఇబ్న్ షప్రూత్ సాంచోకు చికిత్స చేసెను. బరువు తగ్గిన సాంచో, ఖలీఫా సైన్యము తోడ్పడగా, 960లో తిరిగి రాజ్యము పొందెను. ఇందులకు ప్రతిఫలముగా కొన్ని కోటలను ఖలీఫాకు ఇచ్చుటకు ఒప్పుకొనవలసివచ్చినది. రెండు రాజ్యములకు తెలిసిన ఈ చికిత్సలో దాపరికమునకు తావెక్కడ? సాంచో బరువును గూర్చి తీర్పు చెప్పినవారు వైద్యులు గారు, ప్రభువులు.

శస్త్రచికిత్స పుట్టుక

బరువు తగ్గించుటకై కత్తి పట్టుట ఇరువదవ శతాబ్దపు నడుమ మొదలైనది. 1954లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున క్రెమెన్, లిన్నర్, నెల్సన్ అను వైద్యులు, చిన్న ప్రేగులోని చాలభాగమును వదలి మొదటి భాగమును చివరి భాగముతో కలుపు పద్ధతిని ప్రకటించిరి. ఆహారము పోవు మార్గము కురుచయగుటచే శరీరములోనికి చేరు సారము తగ్గును. బరువు తగ్గినమాట నిజమే. కాని విరేచనములు, మూత్రపిండములలో రాళ్ళు, కాలేయ వ్యాధి మొదలగు ఉపద్రవములు పలువురకు కలిగినందున ఆ పద్ధతిని క్రమముగా విడిచిపెట్టిరి.

రెండవ మార్గమును అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ కనుగొనెను. కడుపులో పుండ్లకై జఠరమునందు కొంతభాగము తీసివేయబడిన స్త్రీలు మరల లావెక్కుట కష్టమని అతడు గమనించెను. 1966లో జఠరమును రెండుగా విభజించి, పై భాగమున చిన్న సంచిని మాత్రము ఆహారమునకు విడిచి, దానిని తిన్నగా చిన్న ప్రేగునకు కలిపెను. నేటి "గ్యాస్ట్రిక్ బైపాస్" దీని సంతతియే. 1994లో విట్‌గ్రోవ్, క్లార్క్ అను వైద్యులు పొట్టను పెద్దగా కోయకుండ, చిన్న రంధ్రములగుండ లాపరోస్కోపు సహాయముతో దీనిని చేయవచ్చునని చూపిరి.

ఈ చివరి మార్పు మన విషయమునకు ముఖ్యమైనది. వెనుకటి పద్ధతిలో పొట్టమీద జానెడు మచ్చ మిగులుచుండెను. రోగి కోలుకొనుటకు వారములు పట్టుచుండెను. అట్టి చికిత్స ఇంటివారికి, ఇరుగుపొరుగువారికి తెలియక తప్పదు. త్వరగా తిరిగి పనిలోనికి పోగలిగినప్పుడు, చెప్పుటయా మానుటయా అని ఎంచుకొను అవకాశము మొదటిసారి సామాన్యునికి గూడ లభించినది.

ముగ్గురు, మూడు మార్గములు

1999 ఆగష్టులో అమెరికన్ గాయని కార్నీ విల్సన్ తన శస్త్రచికిత్సను ఇంటర్నెట్టు ద్వారా ప్రపంచమంతటికి ప్రత్యక్షముగా చూపుటకు ఒప్పుకొనెను. చికిత్స చేసినది పైన పేర్కొన్న విట్‌గ్రోవే. ఇట్టి చికిత్స ఒకటి కలదని అనేకులకు అప్పుడే తెలిసినది. కాని అన్నియు చెప్పుకొన్నవారిని లోకము అంతటితో విడువదు. తరువాతి సంవత్సరములలో ఆమె బరువు మరల పెరిగినప్పుడును, 2012లో రెండవ శస్త్రచికిత్స చేయించుకొన్నప్పుడును, అదియు పత్రికలలో వార్తయే అయినది.

టెలివిజనులో వాతావరణ సమాచారము చెప్పు ఆల్ రోకర్ 2002 మార్చిలో గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకొనెను. కొన్ని మాసములు దానిని బయటపెట్టలేదు. ప్రతి ఉదయము లక్షలమంది చూచు మనిషి కరగిపోవుచుండగా ప్రశ్నలు పుట్టక మానవు. ఆ సంవత్సరము చివర అతడు నిజము వెల్లడించెను.

న్యూజెర్సీ రాష్ట్ర గవర్నరు క్రిస్ క్రిస్టీ 2013 ఫిబ్రవరి 16న జఠరము పైభాగమున బిగించు పట్టీని అమర్పించుకొనెను. ఆసుపత్రిలో మారుపేరుతో చేరి, ఆ దినముననే ఇంటికి పోయెను. మే నెలలో పత్రికలవారికి తెలిసిన పిమ్మట, ఇది తన భార్యాబిడ్డలకొరకు చేసిన పని యనియు, ఇతరులకు సంబంధించినది కాదనియు చెప్పెను.

ఈ మువ్వురిలో ఎవరు చేసినది సరి? తొందరపడి తీర్పు చెప్పుటకు ముందు, వేరు జబ్బులను గూర్చిన రెండు ఉదాహరణములు చూడవచ్చును. 1893 జూలై 1న అమెరికా అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ నోటిలో లేచిన కంతిని ఒక ఓడలో రహస్యముగా తీయించుకొనెను. దేశము ఆర్థిక సంక్షోభములో నుండుటచే ఈ వార్త కలవరము పుట్టించునని భయపడిరి. ఆగష్టులో ఎడ్వర్డ్స్ అను విలేఖరి నిజము వ్రాయగా, అబద్ధమని కొట్టివేసి, అతనికే అపకీర్తి తెచ్చిరి. శస్త్రచికిత్సలో పాల్గొన్న డాక్టరు కీన్ 1917లో అంతయు ప్రకటించినప్పుడు గాని అతని మాట నిలువలేదు. ఇందుకు భిన్నముగా, 1974 సెప్టెంబరులో అధ్యక్షుని భార్య బెట్టీ ఫోర్డ్ తన రొమ్ము క్యాన్సరు శస్త్రచికిత్సను దాచక ప్రకటించెను. అంతవరకు ఆ జబ్బు పేరు పైకి చెప్పుటకే సిగ్గుపడుచుండిన స్త్రీలు వేలకొలదిగా పరీక్షలకు వచ్చిరి.

ఈ రెండింటివలన ఒక భేదము తేలుచున్నది. చెప్పకుండుట వేరు, అబద్ధము చెప్పుట వేరు. మౌనమువలన ఒకరికి హాని కలుగనవసరము లేదు. అబద్ధమువలన మరియొకరు నష్టపడుదురు. శస్త్రచికిత్సచే ముప్పది కిలోలు తగ్గినవారు "కేవలము జొన్నరొట్టెలు తిని తగ్గితిని" అన్నచో, విన్నవారు అదే చేసి, తగ్గక, లోపము తమ పట్టుదలలోనే యున్నదని క్రుంగిపోవుదురు. "అది నా సొంత సంగతి, చెప్పదలచుకొనలేదు" అనుటలో అట్టి దోషము లేదు.

సంకోచమునకు మూలము

శుక్లము తీయించుకొన్నవానిని "నీకు పట్టుదల లేక కత్తికి లోబడితివి" అని ఎవరును అనరు. ఊబకాయునితో అందురు. లావు తిండిపోతుతనము యొక్క ఫలమనియు, శస్త్రచికిత్స సోమరి మార్గమనియు నమ్ముటయే దీనికి మూలము. విజ్ఞానము ఈ నమ్మకమును బలపరచలేదు.

1986లో స్టంకర్డ్, అతని సహచరులు డెన్మార్కులో దత్తతపోయిన 540 మందిని పరిశీలించిరి. వారి శరీరపు లావు కన్నవారిని పోలియున్నదే గాని, పెంచినవారిని పోలియుండలేదు. చరకుడు చెప్పిన బీజస్వభావమునకు లెక్కల సాక్ష్యము దొరికినట్లయినది. 1994లో కొవ్వు కణములనుండి వెలువడు లెప్టిన్ అను హార్మోనును, 1999లో జఠరమునుండి పుట్టి ఆకలిని రేపు గ్రెలిన్‌ను కనుగొనిరి. పథ్యముచే బరువు తగ్గినవారిలో గ్రెలిన్ పెరుగునని 2002లో తెలిసినది. అనగా మనిషి తగ్గిన కొలది శరీరము మరింత ఆకలిగొని, పోయిన బరువును తిరిగి రాబట్టుకొనుటకు చూచును. పట్టుదల ఒక్కటే దీనితో చిరకాలము పోరాడజాలదు. గ్యాస్ట్రిక్ బైపాస్ కేవలము సంచిని చిన్నదిచేయుట గాదు. ఆకలిని, తృప్తిని తెలుపు ఈ హార్మోనుల నడకను గూడ మార్చును.

స్వీడన్ దేశమున 1987లో ఆరంభమైన పరిశోధన ఫలితములు 2007లో వెలువడినవి. సుమారు పదకొండేండ్లలో, శస్త్రచికిత్స లేని 2,037 మంది ఊబకాయులలో 129 మంది మరణింపగా, చేయించుకొన్న 2,010 మందిలో 101 మంది మరణించిరి. ఇది అలంకారమునకై చేయు పని గాదు, ఆయువునకు సంబంధించిన చికిత్స యని దీనివలన స్పష్టమగుచున్నది. అట్లని ఇది సులభమార్గమును గాదు. కొద్దికొద్దిగా తినుట, విటమినులు జీవితాంతము వాడుట, క్రమముగా రక్తపరీక్ష చేయించుకొనుట తప్పవు.

ఎవరికి తప్పక చెప్పవలెను?

లోకమునకు చెప్పనవసరము లేకపోయినను, ఒక తెగవారికి చెప్పక తీరదు. వారు చికిత్స చేయువారు. బైపాస్ అయినవారు కొన్ని నొప్పి మాత్రలు వాడినచో అతుకువద్ద పుండు పడవచ్చును. ఇనుము, కాల్షియం, బి-12 విటమిను సరిగా ఒంటబట్టవు. విడువక వాంతులగుచున్నచో థయమిన్ కొరవడి నరములు దెబ్బతినవచ్చును. తీవ్రమైన కడుపునొప్పి వచ్చినప్పుడు, ప్రేగు మెలిపడినదేమో యని వైద్యుడు అనుమానించుటకు ముందు శస్త్రచికిత్స సంగతి అతనికి తెలియవలెను. కొంతకాలము గర్భధారణ కూడదు గనుక స్త్రీల వైద్యులకును తెలియవలెను. ఎన్ని సంవత్సరములు గడచినను ఈ నియమము మారదు. ఇంటిలో ఒకరికైన తెలిసియుండుట మేలు. స్పృహ తప్పినవాడు తన సంగతి తాను చెప్పుకొనలేడు.

మిగిలినవారి విషయములో నిర్ణయము రోగిదే. మన దేశమున 2002 నాటి వైద్యవృత్తి నియమావళి రోగి రహస్యములను కాపాడుమని డాక్టర్లను ఆదేశించినది. 2017 ఆగష్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినది.

హక్కు కలిగియుండుట వేరు, భయముచే దాచుకొనుట వేరు. పెండ్లి పంక్తిలో "ఇంకొక గరిటె వేయించుకొనుము" అని బలవంతపెట్టువారు, "ఏమి, అంత చిక్కితివి? జబ్బా?" అని పదిమందిలో అడుగువారు, తరగతిలో లావుపాటి పిల్లవానికి మారుపేరు పెట్టి నవ్వువారు, వీరందరును ఆ భయమును పెంచువారే. ఆ పిల్లవాడు పెద్దవాడై చికిత్స అవసరమైననాడు, దానిని చేయించుకొనుటకే సిగ్గుపడి ఆలస్యము చేయవచ్చును. చెప్పవలెనా వద్దా అను ప్రశ్నకు రోగి ఒక్కడే సమాధానము వెదకుచున్నట్లు మనము తలతుము. వినువారు నిందను మానినచో ఆ ప్రశ్న బరువు చాలవరకు తగ్గును. శుక్లము తీయించుకొన్న తాతగారు చెప్పుకొన్నట్లే అతడును చెప్పుకొనును. చెప్పకున్నను, అది భయమువలన గాక తన యిష్టమువలననే అగును.