కణం దాటి రాని వైరస్

బల్ల మీద కోడి. వయసు కొన్ని నెలలే. ఒక కాలు ముందుకి చాచుకుపోయింది, రెండోది వెనక్కి. కత్తెర తొడ కండలోకి దిగింది. సన్నగా, తెల్లగా ఉండాల్సిన నరం ఉబ్బి పసుపు తిరిగింది. కాలేయం నిండా గడ్డలు. షెడ్డులో ఇంకా కొన్ని కుంటుతున్నాయి.

వాటిని చంపుతున్నదేంటి?

1907లోనే బుడాపెస్ట్ పశువైద్యుడు యోజెఫ్ మారెక్ ఈ పక్షవాతం గురించి రాశాడు. జబ్బుకి ఆయన పేరే నిలిచింది, మందు మాత్రం రాలేదు. జబ్బు కోడి నెత్తురు కోడిపిల్లకి ఎక్కిస్తే జబ్బు వస్తోంది. అందులోంచి కణాలు తీసేస్తే రావట్లేదు. అంటుకునేది వైరసా, క్యాన్సర్ కణమేనా?

ఇంగ్లండ్‌లోని హౌటన్ కోళ్ల పరిశోధన కేంద్రం. అక్కడి పరిశోధకులు చర్చిల్, పీటర్ బిగ్స్ కోడిపిల్ల మూత్రపిండాన్ని సన్నగా తరిగి, ట్రిప్సిన్ అనే ఎంజైముతో కణాలు విడదీసి, పాత్ర అడుగున అవి ఒకే పొరగా పరుచుకునేదాకా ఇంక్యుబేటర్ వెచ్చదనంలో పెంచి, ఆ పొర మీద జబ్బు కోడి కణాలు వదిలి కాచుకున్నారు. రోజులు గడిచాయి. మైక్రోస్కోపు కింద పొర చెక్కుచెదరలేదు. తర్వాత ఒకచోట కణాలు గుండ్రంగా ఉబ్బాయి. తళుక్కుమన్నాయి. పక్కవాటికీ పాకింది.

పైనున్న ద్రవం తీసి కొత్త పొర మీద పోశారు. ఏమీ లేదు. కణాల్ని చంపి వేశారు. ఏమీ లేదు. చివరికి బతికున్న కణాల్నే వేశారు.

మచ్చలు లేచాయి!

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో మనిషికి పొక్కులు తెచ్చే హెర్పిస్ జాతి రూపం బయటపడింది. వైరస్సే. కానీ నెత్తురులోనూ ఈ పాత్రల్లోనూ బతికున్న కణాన్ని వదలదు. వడగడితే దొరకనిది అందుకే. 1967లో ఈ సంగతి ‘నేచర్’ పత్రికకెక్కింది.

అసలు సాహసం ఆ తర్వాతది. హెచ్‌పీఆర్‌ఎస్-16 అనే ప్రాణాంతకమైన రకాన్ని హౌటన్ బృందం పాత్ర నుంచి పాత్రకి మార్చుతూ పోయారు. వైరస్ బతికింది, గడ్డలు లేపే గుణం పోయింది. దాన్నే కోడిపిల్లలకి పొడిచి, తర్వాత అసలు జబ్బుని వదిలారు. పిల్లలు తట్టుకుంటాయా?

తట్టుకున్నాయి. 1969. క్యాన్సర్‌ని టీకాతో ఆపొచ్చని కోడి రుజువు చేసింది.

మన హేచరీల్లో ఇవాళ ఒక్క రోజు పిల్ల మెడ వెనక చర్మం కింద పడే మారెక్స్ టీకా ఎక్కువగా బతికున్న కణాలతోనే వస్తుంది. అందుకే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ డబ్బా. ఆంపూల్ కరిగిందంటే గంటా రెండు గంటల్లో పిల్లలన్నిటికీ వేసేయాలి. ఆలస్యమైతే కణాలు చస్తాయి, ఆ షెడ్డుకి రక్షణ ఉండదు.