పాఠ్యవిషయానికి పీట వేసేదెవరు?



విద్యార్థి పుస్తకం తెరవక మునుపే ఉపాధ్యాయుని ముఖాన్ని చదువుతాడు. అక్కడ ఆదరం కనిపిస్తే ఆ విషయంపై ప్రీతి, నిరాసక్తత కనిపిస్తే వైముఖ్యం. బడి ఏర్పాటు కూడా అట్టి ముఖమే. ఇందుకు మా హనుమకొండ చరిత్రే సాక్ష్యం.

నిజాం రాజ్యంలో ఉన్నతవిద్యా మాధ్యమం ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం దేశభాషలో శాస్త్రబోధన సాధ్యమని నిరూపించింది. పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి ప్రత్యేకంగా అనువాదశాఖ పనిచేసింది. ఘనకార్యమే, సందేహం లేదు. కాని ఇంట తెలుగు మాట్లాడే బాలునికి అందిన సందేశం వేరు: శాస్త్రాలు చెప్పే భాష ఉర్దూ, తెలుగు ఒక పాఠ్యాంశం మాత్రమే. ఆ మాట ఎవరూ నోటితో అననక్కరలేదు, టైంటేబులే చెప్పింది.

ఆ లోటును కొంత తీర్చినది బడి వెలుపలి బడి. 1904లోనే హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసింది. నన్నయను ఆదరించిన రాజు పేరు పెట్టుకోవడంలోనే వారి అభిమానం తెలుస్తున్నది. ఈ ఊళ్ళో చదువుకొన్నవారే కాళోజీ నారాయణరావు (1914–2002), పి.వి. నరసింహారావు (1921–2004). కాళోజీ ఉర్దూను ద్వేషించలేదు, ఆ భాషలోనూ రచించారు. పుస్తకాల తెలుగు కంటె ప్రజల నోటి తెలుగే మిన్న అని మాత్రం జీవితాంతం వాదించారు. ఇక 1968లో తెలుగు అకాడమి ఏర్పడినప్పుడు దాని వ్యవస్థాపక అధ్యక్షులు పి.వి. కళాశాల స్థాయి శాస్త్రాలకు తెలుగులో పాఠ్యగ్రంథాలు సమకూర్చడం దాని పని. ఉర్దూకు ఉస్మానియా వేసిన పీటను తెలుగుకు వేసే ప్రయత్నమది.

అయితే సంస్థలు పీట వేయగలవు, పిల్లవానిని దానిపై కూర్చోబెట్టేది గురువే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) సవరల భాషను తామే ముందు నేర్చి, పిదప ఆ భాషలో వారికి చదువు చెప్పించారు. పిల్లల భాషను గురువే శ్రద్ధతో నేర్చుకొంటే, దానిని వారు తక్కువగా ఎట్లా తలుస్తారు?

2018లో తెలంగాణ చట్టం పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి చేసింది. ఇంటర్మీడియెట్‌కు రాగానే మార్కుల కోసం సంస్కృతం తీసుకొమ్మని చెప్పేవారు మాత్రం తగ్గలేదు. నేను రెండు భాషలనూ సేవించినవాణ్ణి. ఆ సలహా వల్ల సంస్కృతానికీ గౌరవం దక్కదు, తెలుగుకూ దక్కదు. రెండూ మార్కుల బేరంలో తూనికరాళ్ళవుతాయి. చట్టం పిల్లవానిని తరగతి గదిలోకి తేగలదు. అక్కడ వాని మనసు నిలపడం పంతులు పనే.

మీకు ఏ గురువు వల్ల ఏ విషయంపై మక్కువ కలిగిందో తెలుపగలరు.