దేవరగట్టు బన్ని ఉత్సవం: మొక్కుకీ ఉన్మాదానికీ నడుమ

కర్నూలు జిల్లా హొళగుంద మండలంలోని దేవరగట్టు మీద విజయదశమి అర్ధరాత్రి మాళమ్మ, మల్లేశ్వరస్వాములకు కల్యాణం జరుగుతుంది. ఆ తర్వాత ఉత్సవ విగ్రహాలు కొండ దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాసులు వాటికి కాపు కాస్తే, అరికెర, విరుపాపురం, ఎల్లార్తి, సుళువాయి తదితర గ్రామాల వారు ఎదురొస్తారు. దివిటీల వెలుగులో వేల కర్రలు లేస్తాయి. ఏటా పదుల సంఖ్యలో తలలు పగులుతాయి. కొన్ని సంవత్సరాల్లో ప్రాణాలూ పోయాయి.

మర్నాడు పత్రికలు దీన్ని ‘కర్రల సమరం’ అంటాయి. స్థానికులు ఒప్పుకోరు. తమది కొట్లాట కాదనీ, ఆచారమనీ, తొక్కిసలాటలోనే దెబ్బలు తగులుతాయనీ వారి మాట. గాయానికి బండారు, అంటే స్వామి పసుపు, అద్దుకుని ఇంటికి పోయేవారు చాలామంది. ఈ రెండు మాటల్లో దేన్ని పట్టుకున్నా సగమే అర్థమవుతుంది.

పురాణగాథ నుంచి మొదలుపెట్టాలి. మణి, మల్లాసురులను శివుడు సంహరించిన కథ ఇది. మహారాష్ట్రలోని జెజూరి ఖండోబా, కర్ణాటకలోని మైలారలింగడు ఇదే కుటుంబానికి చెందిన దేవుళ్లు. 1953 దాకా ఆలూరు ప్రాంతం బళ్లారి జిల్లాలోనే ఉండేది గనుక ఈ సంబంధం సహజం. దేవరగట్టు కథలో ప్రాణం విడిచే ముందు రాక్షసులు ఏటా నరబలి కోరారట. స్వామి పిడికెడు రక్తానికి ఒప్పించాడట. అందుకే నేటికీ స్వామి సేవకుడైన గొరవయ్య తన తొడ నుంచి తీసిన రక్తాన్ని రాక్షసుల చోట సమర్పిస్తాడు. మనిషి ప్రాణం అడిగిన చోట కాస్త నెత్తురుతో సరిపెట్టిన కథ ఇది. హింసకు హద్దు గీయడం ఈ ఆచారంలోనే ఉంది.

ఉత్సవానికి ముందు చేసే పాలబాసదీ అదే స్వభావం. కాపు కాసే మూడు ఊళ్ల పెద్దలు పాలు ముట్టుకుని ప్రమాణం చేస్తారు: పాత కక్షలు మనసులో పెట్టుకోకూడదు, అందరూ కలిసి ఉత్సవం జరిపించాలి. ఆ రాత్రి చీకటిలో ఏం జరగవచ్చో వారికి తెలుసు. తెలిసే దేవుడి ముందు మాట తీసుకుంటున్నారు.

మరి భక్తి ఎక్కడ దారి తప్పుతోంది? మొక్కుకున్న మనిషి నొప్పి భరించడంలో కాదు. కర్రకు ఇనుప తొడుగు వేసినప్పుడు తప్పుతోంది. మద్యం ఆ బాసను మరిపించినప్పుడు, ఏ మొక్కూ లేకుండా చూడవచ్చిన వాడి తల పగిలినప్పుడు తప్పుతోంది. గొరవయ్య ఇచ్చేది తన రక్తం. గుంపు తీసుకునేది ఎదుటివాడి రక్తం. ఈ రెండింటినీ ఒకే సంప్రదాయం పేరుతో సమర్థించడం అన్యాయం.

పోలీసులు ఏటా కర్రలు స్వాధీనం చేసుకుంటారు, బైండోవర్ కేసులు పెడతారు, తాత్కాలిక ఆసుపత్రి ఏర్పాటు చేయిస్తారు. 2020లో కోవిడ్ ఆంక్షల పేరిట ఉత్సవాన్ని ఆపాలని చూశారు. అయినా జనం వచ్చారు, కర్రలు లేచాయి. ఆజ్ఞ ఒక్కటే చాలదని అప్పుడే తేలిపోయింది.

సిడి ఆచారం చరిత్ర ఇక్కడ గుర్తుచేసుకోవాలి. వీపు కండలో ఇనుప కొక్కేలు దిగేసి భక్తుణ్ణి మాను కొసన గాలిలో తిప్పే ఆ మొక్కుబడిపై మద్రాసు ప్రెసిడెన్సీలో దశాబ్దాల పాటు చర్చ నడిచింది. 1890లలో నిషేధం బిగిసింది. చాలా చోట్ల కొక్కెం పోయింది, మాను మిగిలింది. ఇవాళ విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవంలో పూజారి మాను కొసన ఆసనంలో కూర్చుంటాడు. ఏ కొక్కెమూ లేని ఆ మానును చూడటానికి లక్షల మంది వస్తారు. గాయం లేనంత మాత్రాన వారి భక్తి పలచబడిందని ఎవరూ అనలేరు.

దేవరగట్టులో అటువంటి మార్పుకు పనిముట్టు పాలబాసే. ప్రస్తుతం ఆ ప్రమాణం విగ్రహాలకు కాపు కాసే ఊళ్లకే పరిమితం. ఎదురొచ్చే ఊళ్ల పెద్దలూ అదే పాల మీద చెయ్యి వేయాలి. ఇనుప తొడుగు, సారా రెండూ ఆ బాసలోకి ఎక్కాలి. అధికారులు దసరాకు వారం ముందు హెచ్చరికలతో వెళ్లే బదులు, ఏడాది పొడవునా ఈ రెండు పక్షాల పెద్దలనూ గొరవయ్యలనూ ఒకచోట కూర్చోబెట్టాలి.