ఒక్క అక్షరం తేడా

పులిని చూసి నక్క వాత పెట్టుకుందని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. ఆ నక్కకు ఒక ఫ్యాక్టరీ, రంగుల అట్టపెట్టె కూడా దొరికితే ఎలా ఉంటుందో మన తరం కళ్లారా చూసింది. బూట్ల మీద 'అడిడాస్' ఉండాల్సిన చోట 'అబిబాస్'. పిల్లల వీడియో గేమ్ 'ప్లేస్టేషన్' బదులు 'పాలీస్టేషన్'. తెలుగువాడి చెవికి అది పోలీస్ స్టేషన్‌లాగే వినిపిస్తుంది. అలాంటి సరుకు చివరికి చేరాల్సిన చోటు కూడా అదే!

ఇంజనీరుగా నాకు ఈ పాలీస్టేషన్ మీద ప్రత్యేకమైన అభిమానం. పైన సీడీ పెట్టే మూత ఉంటుంది. మూత తీస్తే సీడీకి చోటుండదు, క్యాసెట్ గుచ్చే గాడి ఉంటుంది. లోపల ఉన్నది 1983లో జపాన్‌లో నింటెండో విడుదల చేసిన ఫ్యామికామ్ యంత్రానికి నకలు. ఇలాంటి యంత్రాలకు వచ్చే క్యాసెట్ల మీద '9999999 ఆటలు' అని ఉండేది. నిజానికి ఉన్నవి కొన్నే. అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. ఆ లెక్కే నిజమైతే, రోజుకు వంద ఆటల చొప్పున ఆడినా అన్నీ పూర్తి కావడానికి 273 ఏళ్లు దాటుతుంది!

నవ్వుకోవడానికి ఇవన్నీ బాగానే ఉంటాయి. అయితే ఈ నవ్వుకు ఒక షరతు ఉంది. చదవడం రావాలి. 'అబిబాస్' చూసి మనం నవ్వుతాం. అక్షరం రానివాడు డబ్బులిచ్చి ఇంటికి తీసుకెళతాడు. నకిలీ సరుకుల చరిత్రలో అసలు కథ ఇదే.

నకిలీలకు అక్షరంతోనే అడ్డుకట్ట వేయాలని బ్రిటన్ 1887లో ఒక చట్టం చేసింది. షెఫీల్డ్ కత్తులకు అప్పట్లో గొప్ప పేరు. జర్మనీలోని జోలింగెన్‌లో చేసిన కత్తుల మీద షెఫీల్డ్ పేరు కొట్టి అమ్ముతున్నారని అక్కడి తయారీదారులు గోలపెట్టారు. బ్రిటిష్ సరుకని పొరపాటు పడేలా ఉన్న విదేశీ వస్తువుల మీద, తయారైన దేశం పేరు వేయాలని చట్టం చెప్పింది. జర్మన్లు నాణ్యత పెంచుకున్నారు. అవమానంగా తగిలించిన 'మేడ్ ఇన్ జర్మనీ' కాలక్రమంలో గౌరవచిహ్నమైంది. మందలించడానికి వేసిన ముద్రే బిరుదైపోయింది!

కొనేవాడు ముద్ర చదువుతాడని ఆ చట్టం నమ్మింది. మన దగ్గర ఆ నమ్మకం చెల్లలేదు. 1971 జనగణన నాటికి ఆంధ్రప్రదేశ్‌లో చదవడం, రాయడం వచ్చినవారు సుమారు నలుగురిలో ఒక్కరు. మిగిలిన ముగ్గురు బొమ్మ చూసి, రంగు చూసి, పేరు చెవిన పడిన తీరును బట్టి కొనేవారు. మన సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గుర్తించిన తీరు చదవదగ్గది.

1962లో 'అమృతధార', 'లక్ష్మణధార' అనే రెండు మందుల తగాదా వచ్చింది. తలనొప్పి, విరేచనాలు, మలబద్ధకం అన్నిటికీ ఒకటే సీసా! ఒకటి అమృతపు ధార, రెండోది లక్ష్మణుడి ధార, హిందీ తెలిసినవాడెవడూ పొరబడడని అలహాబాద్ హైకోర్టు అభిప్రాయపడింది. కొనేవాడు పేరును ముక్కలు చేసి అర్థం వెతకడని సుప్రీంకోర్టు అంది. మన తెలుగు మాస్టారి భాషలో చెప్పాలంటే, దుకాణం ముందు నిలబడి ఎవరూ విగ్రహవాక్యం చెప్పరు. మొత్తం పేరు చెవికి ఎలా వినిపించిందన్నదే లెక్క. లక్ష్మణధార కూడా ఏళ్ల తరబడి బహిరంగంగా అమ్ముడవుతున్నదే కాబట్టి, ఆ పేరును ఉత్తరప్రదేశ్‌కు పరిమితం చేశారు.

1972లో వచ్చింది బిస్కెట్ల కేసు. పార్లే వారి గ్లూకో బిస్కెట్ల కాగితం మీద ఒక అమ్మాయి, ఆవు, కోళ్లు, వెనక పొలంలో ఇల్లు. మైసూరుకు చెందిన ఒక కంపెనీ కాగితం మీద కూడా అమ్మాయి, ఆవులు, కోళ్లు, ఇల్లు! కాపీ కొట్టినవారు కోడిని కూడా వదల్లేదు. బొమ్మల్లో తేడాలున్నాయని కింది కోర్టులు దావా కొట్టేశాయి. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మామూలు కొనుగోలుదారుకు షెర్లాక్ హోమ్స్‌కు ఉన్నంత పరిశీలనాశక్తి ఉండదని చురక వేసి, పార్లే పక్షాన తీర్పు ఇచ్చింది.

2001 నాటి కేసు దగ్గరకొచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది. 'ఫాల్సిగో', 'ఫాల్సిటాబ్' రెండూ మలేరియా మందులే. రెండు పేర్లకూ మూలం ఫాల్సిపారం అనే మలేరియా క్రిమి. లోపల ఉన్న మందులు మాత్రం వేరు. ఇక్కడ ఎవరూ నకిలీ మందు అమ్మలేదు. పేర్లే దగ్గరగా ఉన్నాయి. అయినా మందుల విషయంలో పొరపాటు ప్రాణం మీదికి తెస్తుందని, వైద్యులు, మందుల షాపువారు కూడా పొరబడవచ్చని కోర్టు హెచ్చరించింది. అందరికీ ఒకే భాష లేని, నిరక్షరాస్యులు ఎక్కువగా, ఇంగ్లీషు తెలిసినవారు తక్కువగా ఉన్న దేశంలో ఇంగ్లండు కొలతలు పనికిరావని తేల్చింది.

అంటే మన చట్టం కొలబద్దగా పెట్టుకున్నది మనలాంటి చదువుకున్నవాణ్ణి కాదు, సంతలో తడబడే మన తాతయ్యను, నాయనమ్మను. నకిలీ బూటు ఆరు నెలల్లో నోరు తెరుస్తుంది, నవ్వుకుని పారేస్తాం. నకిలీ విత్తనం అలా కాదు. అప్పు తెచ్చి, దుక్కి దున్ని, ఎరువు వేసి, పూత రావలసిన రోజున గాని రైతుకు సంగతి తెలియదు. అప్పటికి కాలం చేజారిపోతుంది.

డిక్టేషన్‌లో ఒక్క ఒత్తు పోతే మన మాస్టార్లు మార్కు కోసేవారు. ఒక్క అక్షరానికి ఇంత పట్టుదలా అని అప్పట్లో విసుక్కున్నాం. ఆ పట్టుదల విలువ మందుల షాపులో తెలుస్తుంది.

ఈ స్వర్ణోత్సవ వేళ మన సంఘానికి నాదొక చిన్న సూచన. ఏటా ఒక్క పీరియడ్ పిల్లల చేత ఖాళీ మందు అట్టలు, విత్తనాల సంచులు, తినుబండారాల కాగితాలు తెప్పిద్దాం. పేరు, తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ బిగ్గరగా చదివిద్దాం. దీనికి ఖర్చేమీ లేదు. 'అబిబాస్' చూసి నవ్వడం పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంటికెళ్లి తాతయ్య మందు అట్ట చదివి వినిపించడం మాత్రం మనం అలవాటు చేయాలి.