ఒకనాటి పువ్వు, అనంతాళ్వారు తోట

ఉదయమున విచ్చి సాయంకాలమునకు వాడిపోవు పువ్వును మనము పెరటిలో ఏల పెంచుచున్నాము? లిల్లీని పోలిన హెమెరోకాలిస్ అను మొక్క కొన్ని ఇండ్ల తోటలలో కానవచ్చుచున్నది. దాని పుట్టినిల్లు చీనా, జపాను ప్రాంతములు. 1753లో లిన్నేయసు గ్రంథస్థము చేసిన ఆ పేరునకు గ్రీకు భాషలో ‘ఒకనాటి అందము’ అని అర్థము. పువ్వు ఒక్క దినమే నిలుచును. కాని కాడకు పెక్కు మొగ్గలుండుటచే, నేడు వాడినదాని ప్రక్కనే రేపు మరియొకటి విచ్చును. అందుచే పెంచువాడు పువ్వును గాక తోటను కాపాడుకొనవలెను. ఈ సంగతి మన తిరుపతి వారికి క్రొత్త కాదు.

శ్రీవైష్ణవులు శ్రీరంగమును భోగమండపమనియు, కంచిని త్యాగమండపమనియు, తిరుమలను పుష్పమండపమనియు పిలుతురు. ‘ఆ కొండకు పోయి స్వామికి పుష్పకైంకర్యము చేయువారు మీలో ఎవరైనా కలరా?’ అని రామానుజులు శ్రీరంగమున శిష్యులను అడిగిరట. నాడు తిరుమల దట్టమైన అడవి. చలికిని, మృగములకును వెరచి అందరును ఊరకుండగా అనంతాళ్వారు ఒక్కరే లేచిరి. భార్యతో కొండకు వచ్చి, చెరువు త్రవ్వి, తోట వేసి, గురువు పేరు పెట్టిరి.

చెరువు త్రవ్వునప్పటి కథ మన ఇండ్లలో పిల్లలకును తెలియును. నిండు చూలాలు మట్టి మోయుచుండగా ఒక బాలుడు వచ్చి తట్ట అందుకొనెను. తన కైంకర్యములో పరుల సాయమునకు ఒప్పని ఆళ్వారు కోపముతో గునపము విసరిరి. అది బాలుని గడ్డమునకు తగిలెను. గుడిలోనికి పోయి చూడగా స్వామి గడ్డమున రక్తము! నాడు అద్దిన పచ్చకర్పూరమే నేటికిని స్వామి చుబుకమున తెల్లగా కనబడుచున్నదని పెద్దలు చెప్పుదురు. ఆ గునపము మహాద్వారమున వ్రేలాడుచున్నది.

ఈ కథను భక్తికొరకే వినుచుందుము. అందులో తోటమాలికి పనికివచ్చు మాటయు ఒకటి కలదు. ఆళ్వారు మొదట నాటినది మొక్క కాదు, త్రవ్వినది చెరువు. వానలు ముఖము చాటువేయు రాయలసీమలో ఈ వరుస తప్పినచో తోట లేదు.

తోటకు నీటితోపాటు మనుష్యులును కావలెను. 15వ శతాబ్దమున చంద్రగిరి నేలిన సాళువ నరసింహుని కాలమున కందాడై రామానుజయ్యంగారు తిరుమల ధర్మములను నడపిరి. ఆయన శిష్యులైన సాత్తాద శ్రీవైష్ణవులు పూదోటలను పెంచి మాలలు కట్టిరి. వారికి ప్రసాదములో భాగ మేర్పరచినట్లు శాసనములు చెప్పుచున్నవి. భక్తి ఎంతటిదైనను, పాదు చేయువాని పొట్టకు మార్గము చూపనిదే తోట నిలువదని ఆ దాతలు ఎరుగుదురు.

కొండపై పూలన్నియు స్వామివే, అందుచే మనము అక్కడ పూలు ముడువము. నడుమ నిలిచిపోయిన పుష్పయాగము 1980లో మరల మొదలై ప్రతి కార్తికమున జరుగుచున్నది. 2021 నుండి వాడిన పూలతో అగరువత్తులు చేయుచున్నారు. బ్రహ్మోత్సవముల మరునాడు, భాగసవారి పేర, మలయప్పస్వామి అప్రదక్షిణముగా పురుశైవారి తోటకు వేంచేయుదురు. తోట వేసినవాని యొద్దకు దేవుడే వచ్చుట తోటమాలికి దక్కిన గౌరవము.

కొండ క్రింద మన సంగతి ఏమి? పెరళ్లు సిమెంటు గచ్చులైనవి. మూరల లెక్కను పూలు కొనుచున్నాము. జానెడు నేల మిగిలినవారైనను దానిని విడువరాదు. స్నానపు నీటిని ఒక పాదునకు మళ్లింతము. వాననీటికి ఒక గుంట త్రవ్వుదము. మల్లెయో, కనకాంబరమో నాటుదము. ఒకనాటి లిల్లీయే ముచ్చటైనచో, మధ్యాహ్నపు టెండ తగులని చోట, నీరు నిలువని మట్టిలో ఉంచుదము. దుబ్బు పెరిగినప్పుడు విడదీసి ప్రక్కింటివారికి ఒక పిలక ఇత్తము. పువ్వు సాయంకాలమునకు వాడును. పాదులో తడి ఉన్న ఇంట మరునాడు మరియొకటి పూచును.