పురస్కారం – పాత్రికేయ చరిత్ర: రామనాథ్ గోయెంకా పురస్కారాల పరిశీలన

ఉపోద్ఘాతం

'పురస్కారం' అనే సంస్కృత పదానికి వ్యుత్పత్త్యర్థం 'ముందు ఉంచడం'. గౌరవం అనే అర్థం తరువాత స్థిరపడింది. ఏ పురస్కారమైనా కొన్ని పేర్లను, కొన్ని విలువలను ముందుకు తెస్తుంది. ఆ క్రమంలో వెనక్కి వెళ్లినవేమిటో పరిశీలించడం చరిత్రకారుని పని. మన దేశంలో పాత్రికేయ రంగంలో జాతీయ స్థాయిలో ఇచ్చే గౌరవాలలో రామనాథ్ గోయెంకా పురస్కారాలు ప్రముఖమైనవి. 2006 నుంచి ఎక్స్‌ప్రెస్ సంస్థల పక్షాన వీటిని ప్రదానం చేస్తున్నారు. ఈ పురస్కారాల పేరు, విభాగాలు, వేదిక అనే మూడు అంశాల ద్వారా 'ఉత్తమ పాత్రికేయం' అనే భావన ఎలా రూపొందుతున్నదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. తెలుగు పత్రికా చరిత్రకు గోయెంకాతో ప్రత్యక్ష సంబంధం ఉన్నందున ఈ పరిశీలన తెలుగు పరిశోధకులకు అవసరమైనది.

పేరు: రెండు జ్ఞాపకాలు

1932లో మద్రాసులో పి. వరదరాజులు నాయుడు ప్రారంభించిన 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్' కొన్నేళ్లలోనే గోయెంకా చేతికి వచ్చింది. ఆయన 1938లో 'ఆంధ్రప్రభ' దినపత్రికను స్థాపించారు. ఖాసా సుబ్బారావు దానికి తొలి సంపాదకులు. 1942 నుంచి 1959 వరకు నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వం వహించారు. వాడుక భాషకు పత్రికలో గౌరవస్థానం కల్పించి, సంపాదకీయాన్ని సామాన్య పాఠకునికి చేరువ చేసిన కృషిలో అధికభాగం ఆ కాలానిదే.

జాతీయ జ్ఞాపకంలో గోయెంకా ప్రధానంగా అత్యవసర పరిస్థితిని ఎదిరించిన పత్రికాధిపతి. 1975 జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయ స్థలాన్ని ఖాళీగా ప్రచురించి సెన్సార్‌షిప్‌కు నిరసన తెలిపింది. పురస్కారానికి ఆయన పేరు పెట్టడంలోని ఔచిత్యం ఈ ఘట్టం మీదనే ప్రధానంగా ఆధారపడి ఉన్నది. ఆ ధైర్యం కాదనలేనిది.

అయితే న్యాయస్థానాల దస్త్రాలలో మరొక జ్ఞాపకం ఉన్నది. మొదటి ప్రెస్ కమిషన్ సిఫారసుల అనంతరం 1955లో వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన వేతన మండలి పాత్రికేయుల జీతాలను నిర్ణయించింది. దీనిని సవాలు చేసిన పత్రికా యాజమాన్యాలలో ఎక్స్‌ప్రెస్ ఒకటి. 1958లో సుప్రీంకోర్టు చట్టాన్ని ప్రధానంగా సమర్థిస్తూనే, జీతాలు చెల్లించగల శక్తి పరిశ్రమకు ఉన్నదో లేదో పరిశీలించలేదన్న కారణంతో వేతన మండలి నిర్ణయాన్ని కొట్టివేసింది. ఆ తీర్పు నేటికీ ఎక్స్‌ప్రెస్ పేరుతోనే ఉదాహరింపబడుతున్నది.

మరుసటి ఏడాది, ఆంధ్రప్రభ ప్రచురణను విజయవాడకు తరలించాలన్న నిర్ణయం నేపథ్యంలో మద్రాసులో సమ్మె జరిగింది. యాజమాన్యం అక్కడి సంస్థను మూసివేస్తున్నట్లు ప్రకటించింది. అది నిజమైన మూసివేతా, లాకౌటా అన్న వివాదం కూడా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959లోనే నార్ల ఆంధ్రప్రభను వీడారు. 1960లో ఆయన సంపాదకత్వంలో 'ఆంధ్రజ్యోతి' వెలువడింది. తెలుగు పత్రికా చరిత్రలో ఇది ఒక మలుపు. పురస్కార ఫలకం మీది పేరు చెప్పే కథలో ఈ అధ్యాయానికి చోటు దొరకడం అరుదు.

ఈ రెండు జ్ఞాపకాలలో ఒకటి నిజం, మరొకటి అబద్ధం కావు. ప్రభుత్వం ఎదుట పత్రికా స్వేచ్ఛ కోసం నిలబడిన యజమానే తన సంస్థలో శ్రామిక హక్కుల విషయంలో ప్రతిపక్షంగా నిలిచారు. పత్రికా స్వేచ్ఛ పత్రిక స్వేచ్ఛయేనా, పాత్రికేయుని స్వేచ్ఛ కూడానా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. జీతభద్రత లేని విలేకరి సాహసాన్ని ఏటా ఒక సాయంత్రం సన్మానించినంత మాత్రాన ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు.

విభాగాలు: భాషల అంతరం

ఈ పురస్కారాలలో పరిశోధనాత్మక పాత్రికేయం, రాజకీయాలు, పర్యావరణం, క్రీడలు, ఛాయాచిత్రాలు, కంటికి కనిపించని భారతం వంటి విభాగాలు ఉన్నాయి. హిందీకి ఒక విభాగం, ఇతర భారతీయ భాషలకు కలిపి 'ప్రాంతీయ భాషలు' అనే విభాగం ఉన్నాయి. తెలుగు, మలయాళం, మరాఠీ, బెంగాలీ వంటి సుదీర్ఘ పత్రికా సంప్రదాయం గల భాషలు ఇక్కడ ఒకే శీర్షిక కింద చేరాయి. ఇన్ని భాషల రచనలను ఒకే బృందం మూలంలో చదవడం దాదాపు అసాధ్యం. అనువాదంలో వార్తలోని విషయం నిలుస్తుంది గాని వాక్యం నిలవదు. నార్ల సంపాదకీయంలోని శక్తి విషయంలో ఎంత ఉన్నదో నుడికారంలోనూ అంతే ఉన్నది. కనుక ఉత్తమత్వంలో భాషా శిల్పం పాలు ఎంత అన్న ప్రశ్నను ఇటువంటి విభజన పక్కన పెట్టవలసి వస్తుంది. సాహిత్య విద్యార్థి గుర్తించవలసిన లోటు ఇది.

వేదిక: స్వీకారం, తిరస్కారం

2016 నవంబరులో ఈ పురస్కారాలను ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రదానం చేశారు. గీతా ప్రెస్ చరిత్రపై రాసిన గ్రంథానికి ఎంపికైన అక్షయ ముకుల్ ఆ సభకు వెళ్లలేదు. పురస్కారాన్ని కాదనకుండానే, ప్రధానితో కలిసి ఒకే చిత్రంలో కనిపించడానికి ఆయన అంగీకరించలేదు. ప్రచురణకర్త ఆయన తరఫున స్వీకరించారు. ఆ సభలోనే సంపాదకులు రాజ్ కమల్ ఝా, ఒక ముఖ్యమంత్రి తన విలేకరిని మెచ్చుకున్నాడని తెలిసి గోయెంకా ఆ విలేకరిని తొలగించిన వృత్తాంతాన్ని గుర్తుచేశారు. పాలకుల మెప్పు పాత్రికేయునికి అనుమానాస్పదమని ఆ కథ సారాంశం. యజమాని మాటతో ఉద్యోగం పోవడం ఎంత సులభమో కూడా అదే కథ చెబుతున్నది.

2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన వైఎస్ఆర్ జీవన సాఫల్య పురస్కారాన్ని పి. సాయినాథ్ మర్యాదపూర్వకంగా నిరాకరించారు. తాము ఏ ప్రభుత్వాల గురించి రాస్తారో వాటి నుంచి పాత్రికేయులు పురస్కారాలు తీసుకోకూడదన్నది ఆయన వాదం. గతంలో గోయెంకా పురస్కారాన్ని ఆయన స్వీకరించారు. ఆయన గీసిన గీత ప్రభుత్వానికి, ప్రభుత్వేతర సంస్థకు మధ్య ఉన్నది. ప్రభుత్వేతర పురస్కారమే పాలకుని చేతుల మీదుగా వచ్చినప్పుడు ఆ గీత ఎక్కడ ఉండాలన్నది ముకుల్ ఎదుర్కొన్న సమస్య.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. మొదటిది, పురస్కారనామం చరిత్రలో ఒక భాగాన్నే ముందు ఉంచుతుంది. మిగిలిన భాగానికి న్యాయస్థాన తీర్పులు, ప్రాంతీయ పత్రికల చరిత్రలు ఆధారాలు. రెండవది, విభాగాల నిర్మాణం భాషల మధ్య తారతమ్యాన్ని సూచిస్తుంది. మూడవది, పురస్కారం విలువను ఇచ్చే చేయి, తీసుకునే చేయి రెండూ నిర్ణయిస్తాయి. తెలుగు పాత్రికేయ చరిత్ర రచనలో సంపాదకుల కృషితో పాటు వారి ఉద్యోగ పరిస్థితులనూ నమోదు చేసినప్పుడే ఈ గౌరవాలను సరైన తూకంతో అంచనా వేయగలం. 1975 నాటి ఖాళీ సంపాదకీయాన్ని, 1959 నాటి మద్రాసు సమ్మెను ఒకే చరిత్రలో భాగాలుగా చదవడం అందుకు తొలి మెట్టు.